వానాకాలపు గుంజలు

లారీ తొట్టి పైకి లేచింది. ఒడ్డున ఆరబెట్టిన తుంగ మీద ఎర్రమట్టి కుప్పగా జారిపడింది. నా కోడలు అరుస్తూ పరుగెత్తే లోపలే రెండో లారీ వచ్చి దాని పక్కన ఆగింది.

ఇది నేను కళ్ళారా చూశాను. పొద్దున పదిన్నర. మా చాపల వీధి ఆడవాళ్ళు మూడు రోజులు మోకాటిలోతు బురదలో నిలబడి కోసిన తుంగ అది. ఎండితే చీల్చి, రంగు వేసి, చాపలు అల్లుతాం. నలభై ఇళ్ళు ఆ గడ్డి మీద బతుకుతున్నాయి.

"ఆపరా! ఆపమంటుంటే నీక్కాదూ!" కోడలు లారీ ముందు చక్రానికి అడ్డంగా నిలబడింది.

డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "నన్నేం చెయ్యమంటావక్కా? పొయ్యమన్నచోట పోస్తున్నా."

మట్టి కాంట్రాక్టరు గుమాస్తా ఈల ఊదుకుంటూ వచ్చాడు. "గుంజలు కనపడట్లేదా? మడుగు గుంజల లోపల. మేం పోసేది గుంజల బయట. మీ ఇళ్ళ జోలికి వచ్చామా?"

"ఇవాళ తుంగ, రేపు ఇల్లు," అంది కోడలు.

"అయినా ఆ గుంజలు పాతిందెవరు? మా అయ్యగారా? మీరే కదమ్మా, టోపీలు పెట్టుకుని పాటలు పాడుకుంటూ పాతారు!"

అతను చెప్పింది నిజం. తెల్లరంగు తలల గుంజలు, నూటపన్నెండు, మా చేతుల్తో మేమే పాతాం.

కాలేజీకి పోయే పిల్లలూ, కూలికి పోయే తల్లులూ, మీకు ఆ సంగతి ముందు చెప్పాలి. మంచిపని చేస్తూ కూడా మనిషి ఎట్లా మోసపోతాడో తెలియకపోతే ఈ కథ విని లాభం లేదు.

మూడేళ్ళ కిందట నేలల రక్షణ సంఘం అని ఒకటి మా మడుగుకు వచ్చింది. సంఘం అంటే ఊళ్ళో ఒక ఆఫీసు, ఒక అధ్యక్షుడు, ఒక టైపిస్టమ్మ, ఆదివారం ఆదివారం వచ్చే వాలంటీర్లు. అబద్ధం చెప్పను, ఆ పిల్లలు బంగారం. నీళ్ళమీద పరుచుకున్న గుర్రపుడెక్క పీకారు. ప్లాస్టిక్ ఏరారు. పక్షులు లెక్కపెట్టారు. బురదలో జారిపడి మేం నవ్వితే వాళ్ళూ నవ్వారు. వాళ్ళలో ఒక అమ్మాయి గొంతు ఈ ఒడ్డున అరిస్తే ఆ ఒడ్డున కొంగలు లేచేవి. దానికి మా వీధి మైకు అని పేరు పెట్టింది. మేమూ వాళ్ళతో కలిశాం. ఆకుపచ్చ టోపీలు మాకూ ఇచ్చారు. చాపల వీధి వాళ్ళను ఒకరు పిలిచి టోపీ పెట్టడం అదే మొదటిసారి.

పోయిన ఎండాకాలం కాలేజీ సెలవుల్లో అధ్యక్షుడు వచ్చి, మడుగుకు హద్దు గుంజలు పాతాలన్నాడు. మెత్తటి మాట, ఇస్త్రీ చొక్కా. "తరతరాలుగా ఇక్కడ ఉన్నవాళ్ళు మీరు. మడుగు ఎక్కడిదాకా ఉందో మీరే చూపించండి," అన్నాడు.

మేం చూపించాం. మా పనిలో మడుగంటే కొడవలి ఆడే చోటు. ఎండాకాలం నీళ్ళు తగ్గాకే తుంగ కోతకు వస్తుంది. అప్పుడు ఎంతవరకు దిగుతామో అదే మడుగని మా లెక్క. వానాకాలం నీళ్ళు పైకెక్కి పంపుషెడ్డు మెట్ల దాకా పరుచుకుంటాయి. దాన్ని మేం పొంగు అంటాం. పొంగులో కోత ఉండదు, కాబట్టి పొంగు మాకు మడుగు కాదు. కానీ ఆ పొంగు పరుచుకుని కొత్త వండలిమట్టి దించకపోతే మూడేళ్ళలో తుంగ దుబ్బు చచ్చిపోతుంది. ఈ సంగతి మాకు తెలియదా? తెలుసు. ఊపిరి పీలుస్తున్నామని తెలిసినట్టు తెలుసు. ఎవరూ అడగలేదు, మేం చెప్పలేదు. ఇంకెవరైనా అయితే వానాకాలం హద్దు చూపించేవాళ్ళు. తుంగ కోసేవాళ్ళం కాబట్టి మేం కోత హద్దు చూపించాం.

ఆ చూపించిన కాగితం మీద సంతకం నాది.

నేను బడికి పోలేదు. సరుకులు చుట్టి ఇచ్చిన కాగితాలు విప్పి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. మా వీధిలో నోటీసు వచ్చినా ఉత్తరం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. ఆ రోజు అధ్యక్షుడు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కలం ఇచ్చాడు. "నీటి అంచు వెంబడి హద్దు" అని చదివాను. ఏ నెల నీళ్ళో అడగలేదు. అందరూ చూస్తున్నారు, కుర్చీ మెత్తగా ఉంది, సంతకం పెట్టాను.

లారీ చూస్తే నాకు ఒళ్ళు చల్లబడుతుంది. నాకు పన్నెండేళ్ళప్పుడు ఆనకట్ట కోసం మా ఊరు ఖాళీ చేయించారు. రెండు లారీలు తెచ్చారు. అమ్మా నేనూ ఒకదాంట్లో ఎక్కాం. ఇందులో చోటు లేదని నా చెల్లెల్ని మేనత్తతో రెండోదాంట్లో ఎక్కించారు. రెండూ ఒక్కచోటికే పోతాయని ఆఫీసరు చెప్పాడు. నా దువ్వెన దాని చేతిలో ఉంది. దిగాక తీసుకుందాంలే అనుకున్నాను. ఆ రెండో లారీ ఎక్కడికి పోయిందో ఈ రోజుకీ నాకు తెలియదు. తర్వాత నా మొగుడు, కొడుకు, ఒకరి తర్వాత ఒకరు పోయారు. వాళ్ళను సాగనంపాను, ఏడ్చాను. చెల్లెల్ని మాత్రం సాగనంపనే లేదు. అందుకే ఈ నలభై ఇళ్ళు రేపు ఎన్ని లారీల్లో ఎక్కాల్సి వస్తుందోనని నా భయం.

ఆ సాయంత్రమే చాపల షెడ్డులో మీటింగు పెట్టాం. ఒకవైపు మా వాళ్ళు, ఒకవైపు వాలంటీర్లు. మధ్యలో సగం అల్లి వదిలేసిన చాప.

"టోపీలిచ్చి నెత్తిన మట్టి పోశారు!" ఎవరో వెనకనుంచి అన్నారు.

"మేమూ మోసపోయాం పిన్నీ," అంది మైకు.

"నువ్వు మోసపోతే సెలవులైపోయాక హాస్టలుకు పోతావు. మేం మోసపోతే ఎక్కడికి పోవాలి?" కోడలు అడిగింది. మైకు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మన కోత హద్దు సంగతి కాంట్రాక్టరు వాళ్ళకెట్లా తెలిసింది? ఎండాకాలమే ఎందుకు పాతించారు? లోపల్నుంచి ఎవరో కబుర్లు మోశారు," అన్నాడు రంగుల తాత. తుంగకు రంగులద్ది అద్ది ఆయన వేళ్ళు ఎప్పుడూ నీలంగానే ఉంటాయి.

నేను లేచాను. నా అనుమానం అప్పటికే ఒకచోట గూడు కట్టింది. "ఆ టైపిస్టమ్మ. ప్రతి ఆదివారం వచ్చేది. ఒక్కరోజైనా పార పట్టిందా? గొడుగు కింద నిలబడి పుస్తకంలో ఏదో రాసుకునేది. మనం కనపడితే పుస్తకం మూసేది. వేగులమ్మ కాకపోతే ఏంటి?"

నిప్పు అంటుకున్నట్టయింది. అవునంటే అవునన్నారు. మైకు ఒక్కతే, "రుజువు లేకుండా అనకు అవ్వా," అంది. "రుజువు నా కళ్ళు," అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఆ టైపిస్టమ్మే మా గుమ్మంలోకి వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, చెమటకు తడిసిన జాకెట్టు, చంకలో అదే పుస్తకం.

"అమ్మా, మీతో ఒక మాట—"

"ఇంకా ఏం రాసుకోవడానికి వచ్చావు? ఇంట్లో ఎన్ని గిన్నెలున్నాయో కూడా రాస్తావా?"

"మీకిది చూపిద్దామని..."

"నీ చూపులు చాలు తల్లీ!" తలుపు వేసేశాను. గడియ కూడా పెట్టాను. వీధిలో పిల్లలు వేగులమ్మా, వేగులమ్మా అని ఆమె వెంటపడ్డారు. నేను లోపల నిలబడి ఆ కేకలు విన్నాను. కడుపు చల్లబడిందని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

రెండు రోజులకు అధ్యక్షుడే వచ్చాడు. వాలంటీర్లకు సర్టిఫికెట్లు తెచ్చాడు. షెడ్డు నిండా మనుషులు. "మీ సేవ వల్ల మడుగు శాశ్వతంగా నిలిచింది. సోమవారం సర్వేయరు గుంజల వెంబడి కొలుస్తారు. ఆ గీత రికార్డుకెక్కితే ఇక ఎవరూ లోపలికి రాలేరు," అన్నాడు.

"గుంజల బయట మట్టి పోస్తున్నారు కదా, దాన్నేమంటారు?" మైకు గొంతు మళ్ళీ లేచింది.

"అది పొడినేల తల్లీ."

"వానాకాలం వచ్చి చూడండి సార్ పొడినేలను, పడవ తెచ్చుకోండి!"

జనం నవ్వారు. అధ్యక్షుడు నవ్వలేదు. సంచిలోంచి కాగితం తీసి నావైపు తిప్పి పట్టుకున్నాడు. "ఈ హద్దు మీ పెద్దావిడే చూపించి సంతకం పెట్టారు. ఏమ్మా, మీ సంతకం కాదా?"

షెడ్డులో ఉన్న తలలన్నీ నావైపు తిరిగాయి. రంగుల తాత కూడా. మొన్న టైపిస్టమ్మను చూసిన కళ్ళతోనే ఇప్పుడు నన్ను చూశారు. ఆ చూపు ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసింది. "నాదే," అన్నాను. సంతకం పక్కన ఇంకో వరస కనపడింది. సంఘానికి ముఖ్య దాత అని అచ్చువేసి ఉన్నచోట మట్టి కాంట్రాక్టరు పేరు. ఆ రోజు కుర్చీలో కూర్చుని ఆ వైపు చూడనేలేదు.

అప్పుడు నా అనుమానం ఇల్లు మారింది.

ఆ సాయంత్రమే సంఘం ఆఫీసుకు పోయాను. గోడల నిండా పక్షుల ఫోటోలు. మూల బల్ల దగ్గర టైపిస్టమ్మ తన సామాను సంచిలో సర్దుకుంటోంది. చెంబు, దువ్వెన, ఒక జత చెప్పులు. ఆ దువ్వెన చూసి నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"రండి," అంది. కోపం లేదు, నవ్వూ లేదు. "నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు."

"ఆ పుస్తకం..."

"రెండేళ్ళు ప్రతి ఆదివారం నీళ్ళు ఎంతదాకా వచ్చాయో రాశాను. ఏ మెట్టు, ఏ చెట్టు, ఏ తేదీ. అది నా పని కాదు, ఎవరూ చెయ్యమనలేదు. మీరు పారలు పట్టారు, నాకు నడుం బాగాలేక కలం పట్టాను. పుస్తకం నిండా రాస్తే అధ్యక్షుడు టైపు చెయ్యమన్నది ఒక్క పేజీ. ఎండాకాలం పేజీ. అదెందుకో మట్టి పోశాకే తెలిసింది, మీ దగ్గరికి తెచ్చాను."

"నేను తలుపు వేశాను."

"మీ వీధిలోంచి వస్తుంటే గుమాస్తా చూశాడు. మర్నాటికి పుస్తకం అధ్యక్షుడి బీరువాలో ఉంది. తాళం ఆయన జేబులో ఉంది."

"మరి మమ్మల్ని చూస్తే ఎందుకు మూసేదానివి?"

"నా రాత బాగుండదమ్మా. టైపు అలవాటైనవాళ్ళ చేతిరాత అట్లాగే ఉంటుంది. మీరు చదువుతారని తెలుసు. నవ్వుతారని మూసేదాన్ని."

ఆమె సంచి నేను మోశాను. చాపల వీధి మొదట్నుంచి చివరిదాకా ఆమె పక్కన నడిచాను, అందరూ చూసేట్టు.

ఆదివారం రెండో మీటింగులో ముందు నేనే మాట్లాడాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎవరో తిట్టబోతే కోడలు ఆపింది. "అత్తకు అనుమానం ఉండటం తప్పు కాదు. అది కిందికి చూసింది, పక్కకు చూసింది, పైకి మాత్రం చూడలేదు. మనమంతా అంతే కదా? ఇస్త్రీ చొక్కాను ఒక్కరన్నా అనుమానించారా? వాడేమో మన చేతుల్తోనే మన మెడకు తాడు వేశాడు. ఇప్పుడేం చేద్దామో చెప్పండి."

"కాగితం ఒక్కటీ లేదు. నీళ్ళే సాక్షి," అన్నాడు రంగుల తాత. అప్పటికి కుండపోత వాన మొదలై రెండు రోజులైంది, మడుగు పొంగుతోంది.

"గుంజలు పీకి నీళ్ళ అంచున పాతుదాం," అంది మైకు. "ఎవరి గుంజ వాళ్ళు పాతాలి. ఏ గుర్తు నుంచి ఎన్ని అడుగులో నోటికి రావాలి. పుస్తకమైతే బీరువాలో పెట్టి తాళం వేశాడు. నూటపన్నెండు తలకాయలకు తాళం ఎక్కడ తెస్తాడు?"

"గుంజలు పీకితే కేసు పెడతారు," ఒక తల్లి భయపడింది.

"పెట్టనీ. పాతినప్పుడు టోపీ పెట్టారు, పీకినప్పుడు కేసు పెట్టనీ!" అంది కోడలు.

అడుగులు ఎట్లా కొలవాలో టైపిస్టమ్మ నేర్పింది. షెడ్డు గోడ నుంచి గుమ్మం దాకా ఒక్కొక్కర్నీ నడిపించింది. పలక పట్టని ఆడవాళ్ళు అంకెలు పాటలాగా వల్లెవేశారు.

సోమవారం. వాన ఆగి ఆగి కురుస్తోంది. ఎండాకాలపు గుంజలు నడుంలోతు నీళ్ళలో మునిగి, తెల్లతలలు మాత్రం కనపడుతున్నాయి. చాపల వీధి మొత్తం, వాలంటీర్లు మొత్తం నీళ్ళలోకి దిగాం. ఒక్కో గుంజను ఇద్దరు ఊపి పీకితే, ఒకరు భుజాన వేసుకుని నీళ్ళ అంచుకు మోశారు. అక్కడ అల తాకిన చోట పార దిగింది. నా గుంజ పంపుషెడ్డు మూడో మెట్టు నుంచి పదకొండు అడుగులు. కోడలు పట్టుకుంది, నేను సమ్మెట వేశాను. ఈ వయసులో సమ్మెట ఏమిటంటారా? నేను పెట్టిన సంతకాన్ని ఇంకెవరి చేత కొట్టించను?

పది గంటలకు సర్వేయరు వచ్చాడు. వెనక అధ్యక్షుడు, కాంట్రాక్టరు, పోలీసు వ్యాను. వాళ్ళ వెనక మట్టి లారీ. దారికి అడ్డంగా జనం నిలబడితే డ్రైవరు ఇంజను ఆపేశాడు. "ఎందుకాపావురా?" అని గుమాస్తా అరిచాడు. "నీళ్ళలో పొయ్యమంటారా సార్? చక్రం దిగబడితే మీరు లాగుతారా?" అని వాడు బీడీ ముట్టించుకున్నాడు.

"చూడండి సార్, ప్రభుత్వ హద్దులు పీకేశారు!" అధ్యక్షుడి మెత్తటి గొంతు మొదటిసారి చీలింది.

"హద్దులు కాదు సార్, హద్దులెక్కడున్నాయో నీళ్ళే చెబుతున్నాయి, కాళ్ళు తడిసినా తెలియట్లేదా?" అంది మైకు.

సర్వేయరు తన బూట్ల వైపు చూసుకున్నాడు. పంపుషెడ్డు మెట్ల పక్కన నిలబడ్డ మనిషికి చీలమండల దాకా నీళ్ళున్నాయి. కలం తీశాడు. నేను ఆ కలాన్నే చూస్తున్నాను. కాంట్రాక్టరు ఆయన చెవిలో ఏదో అన్నాడు. కలం మళ్ళీ జేబులోకి పోయింది. "నేనేం రాయలేను. ముందు పోలీసు రిపోర్టు రానీండి. అందులో ఏముంటే దాన్నిబట్టి చూస్తా," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు కాగితం తీసి నాలుగు పేర్లు చదివాడు. నా కోడలు, మైకు, టైపిస్టమ్మ, నేను. వ్యాను తలుపు తెరుచుకుంది. ఇనుప మెట్టు. లోపల చీకటి. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"అత్తా, నా చెయ్యి పట్టుకో," అంది కోడలు.

అప్పుడు రంగుల తాత నీలం వేళ్ళు పైకెత్తి వ్యాను దగ్గరికి నడిచాడు. "నేనూ పీకాను. నన్ను వదిలేస్తారేం?" వెనక ఇంకొకరు. ఇంకొకరు. "నాదీ రాయండి." "నాది చింతచెట్టు గుంజ." నూటముప్ఫై మంది వ్యాను చుట్టూ మూగారు. అందులో పన్నెండు మందికి మించి పట్టరు.

"మిగతావాళ్ళు తర్వాత రండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ముందు ఈ నలుగురూ పోతే..."

"తర్వాత ఏ బండీ వద్దు!" ఆ అరిచింది నేనే. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "పోతే అందరం ఒక్కసారే పోతాం. నడిచి పోతాం!"

నడిచే పోయాం. స్టేషను రెండు మైళ్ళు. తడిసిన జనం రోడ్డు నిండా, వెనక ఖాళీ వ్యాను మా నడకకు తగ్గట్టు మెల్లగా పాకుతూ వచ్చింది.

స్టేషను వరండాలో రైటరు కాగితం తయారుచేసి నాముందు పెట్టాడు. "సంతకం పెట్టు అవ్వా. చదువుకున్నదానివట కదా."

ఈసారి కుర్చీ ఇవ్వలేదు. నిలబడే చదివాను. పైకి చదివాను, వాకిట్లో కూర్చున్న ఆఖరి మనిషికి వినపడేట్టు. "మడుగు హద్దు గుంజలను పీకి నష్టపరిచారు" అని ఉంది.

"ఇది తప్పు నాయనా. నేరం సగమే రాశావు."

"ఏంటి సగం?"

"పీకింది రాశావు, పాతింది రాయలేదు. తేదీ రాయి. వాన మూడో రోజని రాయి. ఎండాకాలపు గుంజలు పీకి, ఆనాటి నీళ్ళ అంచున పాతారని రాయి. మొదటిది నాది. పంపుషెడ్డు మూడో మెట్టు నుంచి పదకొండు అడుగులు. అప్పుడు పెడతా సంతకం."

నేరం ఒప్పుకుంటున్న ముసలిదాన్ని కాదంటాడా? రైటరు రాశాడు. నేను మళ్ళీ చదివి సంతకం పెట్టాను. కోడలు ముందుకొచ్చింది. "రెండోది నాది. అదే మెట్టు నుంచి ముప్ఫైనాలుగు." టైపిస్టమ్మ, మైకు, రంగుల తాత. వాకిట్లోంచి వరస కదిలింది. అంకెలు తప్పకుండా చెబుతున్నారు, వేలిముద్రలు పడుతున్నాయి. రైటరు వేళ్ళు విరుచుకున్నాడు, ఇంకో దస్తా కాగితాలు తెప్పించాడు.

నలభయ్యో గుంజ దగ్గర ఇన్‌స్పెక్టరు లోపలినుంచి వచ్చి, రాసిన కాగితాలు తిరగేశాడు. ఒక పేజీ, ఇంకో పేజీ. ఆయన మొహం మారింది. అది కేసు కాదు, మడుగు పటమని తెలిసిపోయింది. సర్వేయరు అడిగిన పోలీసు రిపోర్టు అదే.

"చాలు! ఆపండి! అందరూ ఇళ్ళకు పొండి!"

ఎవరూ కదల్లేదు. నలభై ఒకటో మనిషి, మీటింగులో కేసు పెడతారని భయపడ్డ, మా వీధిలో అందరికన్నా పిరికిదని పేరున్న ఆ తల్లే, తడిచీర కొంగు నడుముకు దోపుకుని బల్ల ముందుకు వచ్చింది.

"అదెట్లా కుదురుతుంది సార్? నేనూ నేరం చేశాను. చింతచెట్టు మొదలు నుంచి ఇరవై రెండు అడుగులు. రాయండి."